వేలి కణుపుతో రెండు దెబ్బలు

పాత వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాత రెండో ఏడు ఇది జరిగింది. కొత్త వంతెనకి అప్పటికి స్తంభాలే లేచాయి. బస్సులన్నీ ఊరు చుట్టూ తిరిగి వచ్చేవి.

మాది ఐసు ఫ్యాక్టరీ బతుకు. నేను తొట్టి మీద పనిచేశాను. ఉప్పునీళ్ళ తొట్టిలో నీళ్ళు నింపిన డబ్బాలు నిలబెట్టి ఉంటాయి. గడ్డకట్టాక గొలుసుతో పైకి లాగి, మామూలు నీళ్ళలో ఒక్క ముంచు ముంచి, వాలిస్తే దిమ్మ జారి వస్తుంది. ఒకరోజు దిమ్మతోపాటు నేనూ జారాను. తుంటి ఎముక విరిగింది. అతికింది కానీ సరిగ్గా అతకలేదు. అప్పట్నుంచి ఇంట్లోనే ఉన్నాను. మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, "ఈయన మాట్లాడటం పెళ్ళైన కొత్తలోనే మానేశాడు. ఇప్పుడు నడవటం కూడా మానేశాడు" అని.

నేను పడ్డ ఏడే మా అమ్మాయి డిగ్రీ అయింది. ఒక్కతే కూతురు. కంప్రెసరు గదిలో పనికి పెట్టించాడు మా బావమరిది. మా ఆవిడ తమ్ముడు. ఆ గదికి వాడే మేస్త్రి.

ఆ గది సంగతి కొంచెం చెప్పాలి. లోపల పెద్ద చక్రం తిరుగుతూ అమ్మోనియా గ్యాసుని పిండుతూ ఉంటుంది. గోడకి గుండ్రటి మీటర్లుంటాయి. గ్యాసు ఎంత ఒత్తిడిలో ఉందో వాటి సూదులు చెప్పాలి. కానీ ఉప్పుగాలికి సూదులు పట్టేస్తాయి. లోపల ఒత్తిడి పెరిగిపోతున్నా సూది మాత్రం కుర్చీకి అతుక్కుపోయిన గుమాస్తాలా ఉన్నచోటే ఉంటుంది. అందుకని అంకె చదివేముందు వేలి కణుపుతో గాజు మీద రెండు దెబ్బలు వెయ్యాలి. అప్పుడు సూది ఉలిక్కిపడి నిజం చెబుతుంది. ఆ గదిలో పనిచేసినవాడు ఎవడూ తట్టకుండా అంకె చదవడు. మా బావమరిది మా ఇంట్లో టైము చూడాలన్నా లేచి వెళ్ళి గోడగడియారాన్ని తట్టేవాడు.

చేరిన కొత్తలో ఒకసారి మా అమ్మాయి మీటరు దగ్గరికి వెళ్ళకుండానే ఇందాకటి అంకే మళ్ళీ చెప్పింది. మేస్త్రి అందరి ముందూ చెంప మీద కొట్టాడు. సాయంత్రం వాడే ఇంటికొచ్చి చెప్పాడు.

"బావా, పిల్లని కొట్టాను. చూడని అంకె చెబితే ఆ గదిలో మనుషులు చస్తారు."

"పెళ్ళికావలసిన పిల్లరా, చెంప వాచింది" అంది మా ఆవిడ.

"చెంపేగా అక్కా, దిగిపోతుంది."

అమ్మాయి చూడకుండా అంకె చెప్పడం ఆ రోజుతో మానేసింది. ఆ తర్వాత ఏడాదికి ఆ గదిలో మేస్త్రి తర్వాత అంతటిది అనిపించుకుంది.

పనిలో కుదురుకోగానే సాయంత్రం క్లాసుల్లో ఎమ్మెస్సీ చదువుతానంది. ఫిజిక్సు.

"దేనికే అది?" అంది వాళ్ళమ్మ.

"మనం నీళ్ళని గడ్డకట్టిస్తున్నాంగా అమ్మా. ఎందుకు గడ్డకడుతున్నాయో తెలుసుకుందామని."

"నీళ్ళు గడ్డకడతాయి, అమ్ముతారు. ఎందుకు గడ్డకట్టిందో చెబితేనే కొంటాననేవాడు ఎవడైనా ఉన్నాడా?"

"నేనున్నాను."

ఒకరోజు అన్నం దగ్గర నాకు చెప్పింది. "చలి అనేది ఒకటి లేదు నాన్నా. ఉన్నదల్లా వేడే. మనం చలిని తెచ్చి తొట్టిలో పొయ్యట్లేదు. నీళ్ళలో ఉన్న వేడిని తోడి బయట పారేస్తున్నాం. గ్యాసు చేసే పని అదే." నేను ఇన్నేళ్ళు ఆ తొట్టి మీద వణుకుతూ నిలబడ్డాను. ఎవరూ నాకు ఈ మాట చెప్పలేదు. అన్నం కలుపుతూ చాలాసేపు ఆలోచించాను. నాకు మూడో తరగతితో చదువు ఆగిపోయింది కాబట్టి అంతకంటే అడగడం చేతకాలేదు. కానీ దానికి ఆ చదువు కావాలని మాత్రం ఆ పూట నాకు తెలిసింది. ఉద్యోగం కోసం కాదు. ఆకలి వేసినవాడికి అన్నం కావలసినట్టు కావాలి.

ఫ్యాక్టరీలో అందరికీ షిఫ్టులు మారుతుంటాయి. ఒక వారం పొద్దుటిది, ఒక వారం మధ్యాహ్నంది. రాత్రి షిఫ్టులో ఆడవాళ్ళని పెట్టరు. మేస్త్రి మేనేజరుని బతిమాలి మా అమ్మాయికి ఎప్పుడూ పొద్దుటి షిఫ్టే ఉండేట్టు చేశాడు. చదువు అయ్యేదాకా అని మాట. దాని వంతు మధ్యాహ్నం షిఫ్టులు మిగతావాళ్ళ నెత్తిన పడ్డాయి. వాళ్ళకి మంటగా ఉండదా మరి. అమ్మాయి షిఫ్టు దిగి చేతులు కడుక్కుంటుంటే మొదలెట్టేవాళ్ళు.

"జరగండ్రా, జరగండి, ప్రొఫెసరమ్మ బయల్దేరింది! ఆవిడ ఆలస్యంగా వెళితే భూమి తిరగడం ఆగిపోతుంది!"

"ఆగదులే అన్నా. నువ్వు పని మానేసి ఎన్నాళ్ళయింది, ఫ్యాక్టరీ ఆగిందా?" అనేది మా అమ్మాయి.

నవ్వేవాళ్ళు. నవ్వులో కొంత నవ్వే. మిగతాది నవ్వు కాదు.

కాలేజీకి బస్సులో వెళ్ళేది. ఒళ్ళంతా అమ్మోనియా వాసన అని పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేదట. "నయమే నాన్నా, కాళ్ళు చాపుకుని నిద్రపోవచ్చు" అనేది. అక్కడ పొద్దున్నుంచి పగటి పిల్లలకి చెప్పి చెప్పి గొంతు అరిగిపోయిన మేష్టరు, సాయంత్రం వీళ్ళకి అదే పాఠం కళ్ళు మూసుకుని అప్పజెప్పేవాడు. మొదట్లో గది నిండా జనం ఉండేవాళ్ళు. ఒకరికి బదిలీ, ఒకరికి పురుడు, ఒకరికి విసుగు. రెండో ఏడుకి మొదటి రెండు బల్లలు నిండితే గొప్ప. అందులో ఒక బ్యాంకు గుమాస్తా, మా అమ్మాయితో కలిసి చదివేవాడు. మంచివాడే.

జనం తగ్గారని కాలేజీవాళ్ళు సాయంత్రం క్లాసులు ఎత్తేస్తున్నామన్నారు. వీళ్ళదే ఆఖరి బ్యాచి. రాత పరీక్ష తప్పితే మళ్ళీ రాసుకోవచ్చు. ప్రాక్టికల్ తప్పితే మాత్రం పగటి పిల్లలతో కలిసి ఏడాదంతా ల్యాబుకి రావాలి. పగటి ల్యాబు ఎప్పుడంటే సరిగ్గా మా షిఫ్టులు మారే వేళకి. పొద్దుటి షిఫ్టు దిగకముందే మొదలవుతుంది, మధ్యాహ్నం షిఫ్టు ఎక్కాక కూడా సాగుతుంది. పనికీ దానికీ పొత్తు లేదు. ఒకటి ఉంటే రెండోది లేనట్టే. నా తుంటి ఇలా ఉంది కాబట్టి ఇంటికి దాని పని ఒక్కటే ఆధారం. ఇది అందరికీ తెలిసిందే, ఎవరూ నోటితో అనలేదు.

రాతపరీక్షలన్నీ గట్టెక్కింది. మిగిలింది ల్యాబు. ల్యాబులో కొన్ని యంత్రాలు మంచివి. వాటి చుట్టూ పగటి పిల్లలు ఎప్పుడూ మూగి ఉంటారు. సాయంత్రం వీళ్ళు వెళ్ళి బల్ల ముందు కూర్చునేసరికి అటెండరు తాళాల గుత్తి ఆడించుకుంటూ నిలబడేవాడు. అతనికీ బస్సుంది, ఇల్లుంది. అన్నిట్లోకీ కష్టమైనది అద్దాల యంత్రం. రెండేళ్ళలో దాని మీద మా అమ్మాయి చెయ్యి పడింది ఒక్కసారి. పరీక్షలో చీటీ తీస్తే అదే వచ్చింది.

పరీక్షకి బయల్దేరుతూ "నాన్నా, తోడు వస్తావా?" అని అడిగింది. అది ఎప్పుడూ ఏదీ అడగదు. చేతికర్ర తీసుకున్నాను.

"మీరెళ్ళి ఏం చేస్తారండీ? అక్కడ ఎవరైనా పలకరిస్తే మాట్లాడాల్సొస్తుంది, చూసుకోండి!" అంది మా ఆవిడ.

ల్యాబు బయట వరండాలో బెంచీ ఉంది. ఉక్కగా ఉందని తలుపు ఓరగా తెరిచి పెట్టారు. లోపల కిటికీలకి నల్లగుడ్డలు కట్టారు. మా అమ్మాయి బల్ల తలుపు పక్కనే. పసుపు దీపం వెలుగుతోంది. ఆ వెలుగులో దాని మొహం పచ్చగా, ఎవరి మొహంలానో ఉంది.

ఆ యంత్రం గురించి, చీటీలో అది రాకపోతే చాలంటూ, బస్సులో వస్తూ నాకు చెప్పింది. దీపం వెలుగు రెండు ముక్కలై, రెండు అద్దాల మీద పడి, తిరిగొచ్చి కలుస్తుందట. కలిసినచోట వలయాలు కనపడతాయి, నీళ్ళలో రాయి పడ్డట్టు. స్క్రూని చాలా మెల్లగా తిప్పుతుంటే మధ్యలోంచి ఒక్కో వలయం పుట్టుకొస్తుంది. వాటిని లెక్కపెడుతూ, మధ్యమధ్యలో స్క్రూ మీది అంకె చదివి రాసుకోవాలి. దాన్నిబట్టి వెలుగు అల పొడవు తేలుతుంది. "వెలుగుని కొలవడం నాన్నా, ఊహించు" అంది. ఊహించాను. ఎవరైనా పక్కనుంచి గట్టిగా నడిచినా వలయాలు చెదిరిపోతాయని కూడా చెప్పింది. అందుకే బెంచీ మీద నేను కర్ర కూడా కదపలేదు.

అద్దాలు సరిచెయ్యడానికే చాలాసేపు పట్టింది. పక్కబల్ల దగ్గర బ్యాంకు గుమాస్తా ఏవో వైర్లు కలిపి, విప్పి, మళ్ళీ కలుపుతున్నాడు. ఉన్నట్టుండి మా అమ్మాయి భుజాలు కిందికి దిగాయి. వలయాలు దొరికాయి. కన్ను గాజుకి ఆనించి, స్క్రూ తిప్పుతూ, పెదాలతో లెక్కపెట్టడం మొదలెట్టింది. ఒకసారి అంకె చదివింది, రాసింది. మళ్ళీ తిప్పింది. లెక్కపెట్టింది. బాగా సాగుతోంది. చెయ్యి కూడా కుదురుకుంది, ఫ్యాక్టరీలో కుదురుకున్నట్టు. భయం పోయింది. పనిలో పడింది.

పనిలో పడటమే కొంప ముంచింది.

రెండో అంకె చదవడానికి వంగింది. వంగుతూ వంగుతూ కుడిచెయ్యి పైకి లేచింది. వేలి కణుపుతో యంత్రం మీద రెండు దెబ్బలు వేసింది. టక్, టక్.

ఆ చప్పుడు నేను ఎక్కడున్నా పోల్చుకోగలను.

అది అలాగే వంగి ఉండిపోయింది. తర్వాత కన్ను గాజుకి ఆనించింది. తీసింది. మళ్ళీ ఆనించింది.

యూనివర్సిటీనుంచి వచ్చిన పరీక్షాధికారి లేచి వచ్చాడు.

"ఏంటమ్మా, తలుపు కొడుతున్నావు? లోపల ఎవరైనా ఉన్నారా?"

"పోయాయండీ."

"ఏం పోయాయి?"

"వలయాలు."

"తబలా వాయిస్తే పోక ఉంటాయా? ఇది ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఫ్యాక్టరీలోనండీ."

"ఏం ఫ్యాక్టరీ?"

"ఐసు ఫ్యాక్టరీ అండీ."

"అలాగా! అయితే ఓ దిమ్మ పంపించాల్సింది, ఉక్కతో చస్తున్నాం ఇక్కడ."

లోపలున్నవాళ్ళు నవ్వారు. అధికారి నవ్వించాడు కాబట్టి నవ్వాలి. మా అమ్మాయి కూడా నవ్వబోయింది, రాలేదు.

మళ్ళీ మొదట్నుంచి అద్దాలు సరిచెయ్యడం మొదలెట్టింది. ఈసారి తొందరపడుతోంది. తొందరపడే చేతికి ఆ వలయాలు దొరకవు. అక్కడే ఉన్న అటెండరు వైర్లు చుట్టుకుంటూ దాని పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఎందుకమ్మా అవస్థ? జవాబు పుస్తకంలో ఉన్నదేగా. దాన్నుంచి వెనక్కి లెక్క కట్టుకుని అంకెలు వేసెయ్. ఏటా అందరూ చేసేదే."

అది తల అడ్డంగా ఊపింది.

పక్కబల్ల గుమాస్తా కూడా తల ఇటు తిప్పి గుసగుసగా అన్నాడు, "నేనూ అంతే చేశానండీ. నా వైర్లు కలిస్తే కదా! వెయ్యండి, నేను లెక్క చెబుతాను."

మళ్ళీ తల ఊపింది. తలుపు సందులోంచి ఆ తల ఊగడం చూశాను. టైము అయిపోయిందని అటెండరు కిటికీల గుడ్డలు లాగేశాడు. బయటి వెలుగు పడగానే పసుపు దీపం ఉన్నట్టే లేదు.

పరీక్షాధికారి దాని కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇంతేనా? జవాబేదీ?"

"చూసినంతవరకు రాశానండీ. తర్వాత చెదిరిపోయాయని రాశాను."

"చూసినంతవరకే రాస్తే చూసినంతవరకే మార్కులు." ఎర్రసిరాతో ఏదో గీశాడు. "ఇది పోయినట్టేనమ్మా. పగటి బ్యాచితో ఏడాది ల్యాబు చేసి రా. చెయ్యి కుదురుతుంది." కోపంగా అనలేదు. అతనికీ ఆకలేస్తున్నట్టుంది. మనసులో ఏమీ పెట్టుకోకుండానే అన్నాడు. అదే నాకు ఎక్కువ మండింది.

మెట్ల దగ్గర గుమాస్తా నన్ను ఆపాడు.

"మీరైనా చెప్పాల్సిందండీ. ఆ పరీక్షాధికారికి తెలియదా ఏంటి, అందరూ వెనకనుంచే వేస్తారని? తెలుసు. ఎవరి పని వాళ్ళది."

నేను తలూపాను. అతను పాసయ్యాడు. తర్వాత బ్యాంకు మానేసి ఏదో కాలేజీలో పాఠాలు చెబుతున్నాడని విన్నాను. పిల్లలకి బాగానే చెబుతాడట.

బస్సులో కిటికీవైపు తిరిగి కూర్చుంది. చాలా దూరం వచ్చాక తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

"దానంతటదే లేచింది నాన్నా."

"చూశాను" అన్నాను.

ఇంట్లో మా బావమరిది కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. మేనకోడలు ఎమ్మెస్సీ గట్టెక్కి వస్తుందని నీటుగా గడ్డం గీసుకుని మరీ వచ్చాడు.

"ఏమ్మా, ఇకనుంచి నేను నిన్ను మేడమ్ అనాలా?"

అది చెప్పులు విప్పి, గోడకి చేరబడి, జరిగింది జరిగినట్టు చెప్పింది. తట్టిన సంగతి, చెదిరిన సంగతి, అటెండరు చెప్పింది, గుమాస్తా చెప్పింది. వాళ్ళమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మేస్త్రి వింటూ వింటూ మోకాలి మీద కొట్టుకున్నాడు.

"అంత సుళువుగా చెబుతుంటే వేసెయ్యొచ్చుగా పిచ్చిదానా! నాలుగు అంకెలు! ఎవడి సొమ్ము పోయింది?"

"చూడలేదు మామయ్యా."

"చూడకపోతే ఏం? అందరూ వేశారుగా!"

"చూడని అంకె చెప్పానని నువ్వు నన్ను అందరి ముందూ కొట్టావు. గుర్తులేదా?"

అరిచి అనలేదు. అడిగిందంతే.

మా బావమరిది చాపిన కాళ్ళు ముడుచుకున్నాడు.

"అది గ్యాసమ్మా. గ్యాసు వేరు."

"నాకు వేరుగా అనిపించలేదు."

"అది ప్రాణాలతో పని. ఇది ఉత్త కాగితం."

"మరి ఈ కాగితం కోసమే కదా మామయ్యా నువ్వు మేనేజరు గడ్డం పట్టుకుంది?"

వాళ్ళమ్మ గరిటె గిన్నెలో పడేసింది. "ఇద్దరూ ఊరుకోండి. జరిగిందేదో జరిగింది. ఇప్పుడు ఏంటి? పగలు కాలేజీకి పోతావా? పోతే పని ఎలా?"

అది నావైపు చూడలేదు. చూడకూడదని చూడలేదు. నా తుంటి వైపు అందరికంటే తక్కువ చూసేది అదే.

మేస్త్రి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా అన్నాడు, "చదువు అయ్యేదాకానే పొద్దుటి షిఫ్టు అని మాట. ఆ మూక ఊరుకోదు. రేపో ఎల్లుండో అడుగుతారు. నేను ఎంతని ఆపను?"

"ఆపకు మామయ్యా."

టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. మేము ముగ్గురం కంచాల ముందు కూర్చుని లేచాం. తిన్నామని చెప్పలేను.

పడుకున్నాక నాకు ఒక ఆలోచన వచ్చింది. ఏడాదే కదా. ఒక్క ఏడాది ఇంటిని నేను లాగితే అది పగలు ల్యాబుకి పోవచ్చు. తుంటి గొలుసు లాగడానికి పనికిరాదు. కానీ ఫ్యాక్టరీలో గొలుసు లాగడమొక్కటే పని కాదు. ఐసు దిమ్మలు కరగకుండా కప్పడానికి రంపపు పొట్టు కావాలి. ఆ పొట్టు ఎత్తి పొయ్యడానికి ఎప్పుడూ మనుషులు చాలరు. నాకు అది చాలు. ఎవరికీ చెప్పలేదు. చెబితే మా ఆవిడ ఊరంతా వినేట్టు అరుస్తుంది, అమ్మాయి తల అడ్డంగా ఊపి వద్దంటుంది.

మర్నాడు అమ్మాయి షిఫ్టుకి వెళ్ళిన కాసేపటికి నేనూ బయల్దేరాను. గేటు దగ్గర వాచ్‌మన్, "పెద్దాయనా, దారి తప్పావా?" అన్నాడు. మేనేజరు గదికి వెళ్ళాను. నన్ను చూసి కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే లేవడం చూస్తాడు.

నేను నోరు తెరిచేలోపు అతనే మొదలెట్టాడు.

"మీ అమ్మాయి బంగారమయ్యా. పొద్దున్నే వచ్చి చెప్పింది, చదువు అయిపోయింది, ఇక అందరితోపాటు నాకూ షిఫ్టులు మార్చండి అని. అడక్కుండానే! వచ్చే వారంనుంచి మధ్యాహ్నం షిఫ్టు వేశాను. మిగతావాళ్ళ నోళ్ళు కూడా మూతపడ్డాయి. అందుకేగా వచ్చావు, దాని తరఫున చెప్పడానికి?"

కంప్రెసరు చప్పుడు గోడలోంచి వస్తోంది. ఆ గోడ అవతలే ఉంది అది.

"పని కావాలండీ" అన్నాను.

"ఎవరికి?"

"నాకు. పొట్టు ఎత్తుతాను."

"ఈ తుంటితోనా? ఎందుకయ్యా ఇప్పుడు? అమ్మాయి చేస్తోందిగా."

అతను నా మొహం చూసి, తర్వాత కర్ర చూసి, "సరే, నీ ఇష్టం. పడితే మాత్రం నా మీదికి రాకు" అన్నాడు.

వెనకవైపు షెడ్డులోకి వెళ్ళాను. కర్ర గోడకి ఆనించి పార తీసుకున్నాను. వర్షానికి తడిసిన పొట్టు బరువుగా ఉంది. మొదటి పారకే తుంటిలో సూదులు దిగాయి. తోపుడుబండి నిండేసరికి, ఎవరో చెప్పినట్టున్నారు, మా బావమరిది పరుగెత్తుకొచ్చాడు. "బావా, ఏంటిది? పిల్ల చూస్తే ఏమనుకుంటుంది? ఇటివ్వు" అని పార పట్టుకున్నాడు. నేను వదల్లేదు. వాడు వదిలాడు. బండిని దిమ్మల గదికి తోసుకెళ్ళి, పొట్టు పోసి, రెండో బండికి వెనక్కి వచ్చాను.